శశిభూషణ్ కొట్టిన గ్యాస్

పొన్నూరు నుంచి వచ్చిన శశిభూషణ్‌ను తెల్లకోటు వేసుకోమని ఎవరూ అడగలేదు. తనే కుట్టించుకున్నాడు. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డులో పత్తి మిల్లులు దాటాక రేకుల షెడ్డొకటి అద్దెకు తీసుకుని, కార్ల ఏసీలు బాగుచేసే షాపు తెరిచిన రోజున ఆ కోటుతోనే గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లకు లడ్డూలు పంచాడు. గ్యాస్ ఒత్తిడి చూపించే మీటర్లు రెండు ఉండేవి అతని దగ్గర, ఒకదానికి ఎర్ర గొట్టం, ఒకదానికి నీలం గొట్టం. పని ఉన్నా లేకపోయినా వాటిని మెళ్లో వేసుకునే తిరిగేవాడు, ఆస్పత్రి వార్డులో డాక్టరులా. బోర్డు మీద మంచుకొండ వేయించాడు, కొండ మీద పెంగ్విన్ పిట్ట. బొమ్మ గీసిన పెయింటర్ ఆ పిట్టను ఎన్నడూ చూసి ఎరగడు. అందుకని అది జలుబు చేసిన కాకిలా వచ్చింది. దాని కింద పెద్ద పెద్ద అక్షరాలతో ‘శశిభూషణ్, ఏసీ ఇంజనీర్’.

ఇంటర్మీడియట్ మధ్యలో వదిలేసినవాడు ఇంజనీర్ ఎలా అయ్యాడని అడగక్కర్లేదు. పెద్ద చదువు లేకుండా పని నేర్చుకున్నవాళ్లు ఆ రోడ్డు పొడుగునా ఉన్నారు, వాళ్ల వల్లే లారీలూ ట్రాక్టర్లూ కదులుతున్నాయి. శశిభూషణ్ సంగతి వేరు. అతను పని కూడా నేర్చుకోలేదు. బ్రాడీపేటలో ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణంలో కొంతకాలం చేరాడు. యజమాని గ్యాస్ నింపటం మాత్రం శ్రద్ధగా చూశాడు. నింపే ముందు ఆయన ఏం పరీక్షిస్తున్నాడో, నింపాక ఏం వెతుకుతున్నాడో చూడాల్సిన వేళకు టీ తాగటానికి వెళ్లేవాడు. ఆ పరీక్షలూ వెతకటాలూ ముసలాయన చాదస్తమని అతని నమ్మకం.

అంచేత అతని దగ్గరున్న వైద్యం ఒక్కటే. ఏసీ చల్లగా రావటం లేదా? గ్యాస్ కొట్టాలి. చల్లగా వస్తూనే మోత పెడుతోందా? గ్యాస్ కొట్టాలి. కారు లోపల కాళ్ల దగ్గర నీళ్లు కారుతున్నాయా? అదీ గ్యాస్ సంగతే. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు, గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతక్కుండా నింపటమంటే పంక్చరైన ట్యూబుకు గాలి కొట్టి పంపించటమే. ఆ పంపించటమే శశిభూషణ్‌కు కావాల్సింది, ఎందుకంటే వెళ్లిన కారు మళ్లీ వస్తుంది. నింపే ముందు గొట్టాల్లో ఉన్న గాలీ తేమా లాగేయటానికి వాక్యూమ్ పంపు ఒకటి కొన్నాడు గానీ, అది అరమీద ఉండేది. ఏటా ఆయుధపూజకు దాన్ని కిందికి దించి, బొట్టు పెట్టి, మళ్లీ పైకెక్కించేవాడు.

వచ్చేవాళ్లు మాత్రం తక్కువవాళ్లా? మిర్చికి మంచి ధర పలికిన ఏళ్లవి. నిన్నటిదాకా స్కూటర్ మీద యార్డుకు వెళ్లినవాళ్లు ఇవాళ కార్లు కొన్నారు. కారు కొన్నవాడు ఇంజన్ గురించి అడగడు, బ్రేకుల గురించి అడగడు, ఏసీ ఎంత చల్లగా వస్తుందని అడుగుతాడు. గుంటూరు ఎండలో అది అడగటం తప్పు కాదు. కానీ వాళ్లకు చల్లగా ఉండటం చాలదు, దిగి వచ్చినవాడి కళ్లజోడు మీద ఆవిరి పట్టాలి. పక్కవాడి కారులో ఎంత పట్టిందో అంతకంటే ఎక్కువ పట్టాలి.

అలాంటివాళ్లలో మొదటివాడు యలమందయ్య. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి, తెల్ల కారు, బొటనవేలంత లావు చుట్ట. శశిభూషణ్ ఆయన్ను బాబాయ్ అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, కారున్న ప్రతివాడూ అతనికి బాబాయే.

"ఏరా శశీ, నా బండిలో చలి పుట్టటం లేదేందిరా? మావాడి కారులో ఎక్కితే దుప్పటి కావాల్సొస్తంది" అన్నాడు యలమందయ్య ఒక వేసవిలో.

"నాకొదిలెయ్ బాబాయ్. నీకూ దుప్పటి కప్పిస్తా."

ఆ మాట ఇవ్వటానికి అతనికి ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసింది ఒక్క మనిషికే. అతని భార్య సీతారత్నానికి.

ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. అయినా వంటగ్యాస్ సిలిండర్ నెల తిరక్కుండానే అయిపోతోంది. కొత్తది కావాలంటే బుక్ చేసి వారాల తరబడి ఎదురుచూడాలి. సీతారత్నం కిరోసిన్ స్టవ్ తీసి, మసి తుడిచి, కళ్లు మండుతుండగా వంట చేసేది.

"ఏమండీ, సిలిండర్ మళ్లీ అయిపోయింది. నేనేమన్నా హోటల్ నడుపుతున్నానా?"

"మంట తగ్గించి వండు. ఆడవాళ్లకు పొదుపు తెలీదు" అన్నాడు శశిభూషణ్.

ఒకరోజు అతను క్యారేజీ మరిచిపోయి వెళ్లాడు. సీతారత్నం దాన్ని తీసుకుని షెడ్డుకు వచ్చింది. వెనకవైపు, యలమందయ్య కారు పక్కన ఎర్రటి సిలిండర్ తలకిందులుగా నిలబెట్టి ఉంది. దాని నుంచి గొట్టం కారు బానెట్ లోపలికి పోతోంది. సిలిండర్ మీద పసుపూ కుంకుమా బొట్లు. ఆ బొట్లు పెట్టింది ఆమే, కిందటి శుక్రవారం.

"అది మనింటి సిలిండర్ కదూ?"

"మెల్లగా మాట్లాడు. ముందు గదిలో బాబాయ్ ఉన్నాడు."

"కారులోకి వంటగ్యాస్ ఎక్కిస్తున్నారా? మీకు మతి పోయిందా?"

"నీకు తెలీదులే. దీన్ని హైడ్రోకార్బన్ అంటారు. కంపెనీ గ్యాస్ కంటే బాగా చల్లబరుస్తది. ఫారిన్‌లో ఇదే వాడతారు."

"ఫారిన్‌లో కారులో అన్నం వండుకుంటారా?"

అతను నవ్వాడు, తెలియనివాళ్లను చూసి తెలిసినవాళ్లు నవ్వే నవ్వు. అతను చెప్పినదాంట్లో అబద్ధం సగమే, అదే దాని ప్రమాదం. ఆ జాతి గ్యాస్ చల్లబరుస్తుంది, నిజమే. కానీ ఈ కార్లు తయారైంది మంట అంటుకోని గ్యాస్ కోసం. కారు లోపలికి చల్లగాలి పంపే కాయిల్ మనిషి మోకాళ్ల ముందే ఉంటుంది. అక్కడ అతుకు వీడితే కారేది మనిషి ఒళ్లోకి. ఇది శశిభూషణ్ ఆలోచించలేదు. కంపెనీ డబ్బా ఖరీదు, సిలిండర్ చవక. అతని ఇంజనీరింగ్ అక్కడితో సరి.

సీతారత్నం ఇంటికెళ్లి వంటింటికి తాళం వేసుకుంది. అతను సిలిండర్లు బయట నల్లబజారులో కొనటం మొదలుపెట్టాడు. షెడ్డుకు వచ్చేవాళ్లకు చెబుదామని ఆమెకు అనిపించకపోలేదు. మొగుడి పరువు అనుకుని నోరు మూసుకుంది. ఆ పరువు ఎంతదో తర్వాత తెలిసింది.

యలమందయ్య కారులో నిజంగానే చలి పుట్టింది. వారం పాటు యార్డులో కనిపించినవాణ్నల్లా ఎక్కించుకుని, తలుపులేసి, వణికిస్తేగానీ దింపలేదు. ఆ కారులో సంతోషించని మనిషి ఒక్కరే, ఆయన భార్య రాఘవమ్మ.

"ఏమయ్యా, కారులో పొయ్యి వాసనొస్తంది."

"కొత్త గ్యాస్ వాసనంట. శశి చెప్పాడు. జపాన్ సరుకు."

"జపానో గిపానో. స్టవ్ మీట సరిగ్గా కట్టకపోతే వస్తదే, ఆ వాసన."

"నీ ముక్కుకు వంటిల్లు పట్టుకుంది. ఎక్కడికి పోయినా అదే వాసన నీకు."

అయినా మర్నాడు కారును షెడ్డుకు తోలుకెళ్లి వాసన సంగతి చెప్పాడు. వంటగ్యాస్‌కు సొంత వాసన లేదు. కారితే మనుషులు పసిగట్టి బయటపడాలని ఆ కుళ్లు వాసన దానికి కలుపుతారు. శశిభూషణ్ ఆ వాసన పీల్చాడు. అది ఏమిటో అతనికి తెలుసు. కారుతోందనీ తెలుసు. అప్పుడతను చేసిన పని ఒక్కటి చెబితే ఆ మనిషి గురించి ఇంకేం చెప్పక్కర్లేదు. మల్లెపూల సెంటు బుడ్డి ఒకటి తెచ్చి, చల్లగాలి వచ్చే జాలీకి తగిలించాడు. సీట్ల కింద ఇంకాస్త చల్లాడు. తగ్గిన గ్యాస్ మళ్లీ నింపాడు, ఈసారి కాస్త ఎక్కువే.

"ఇప్పుడు చూడు పిన్నీ, పెళ్లిపందిరిలో ఉన్నట్టుంటది" అన్నాడు ఇంటికొచ్చి మరీ.

రాఘవమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది.

తర్వాతి ఆదివారం భార్యాభర్తలిద్దరూ నరసరావుపేటలో బంధువులమ్మాయి ఓణీల వేడుకకు బయల్దేరారు. యలమందయ్య తోలుతున్నాడు, రాఘవమ్మ వెనక కూర్చుంది. మధ్యలో రైలు గేటు పడింది. ఆయన ఇంజన్ ఆపాడు, చల్లదనం పోతుందని అద్దాలు మాత్రం దించలేదు. రైలు ఎంతకీ రాలేదు. లోపల సెంటు వాసన తలనొప్పి పుట్టించేలా ఉంది. యలమందయ్య చుట్ట తీశాడు. పొగ పోవటానికి అద్దం కాస్త సందు చేసి అగ్గిపుల్ల గీశాడు.

కాళ్ల దగ్గర నీలంగా మెరిసింది. ఆ వెంటనే భగ్గుమంది. మంట ముందు సీటు కింద నుంచి లేచి పంచెకు అంటుకుంది, మీసాలు కాలాయి. ఆయన తలుపు తెరవటం మరిచిపోయి రెండు చేతులతో కాళ్లు కొట్టుకుంటున్నాడు. రాఘవమ్మ వెనక తలుపు తోసుకుని దూకింది, ముందు తలుపు లాగింది, మంటలోకి చెయ్యి పెట్టి ఆయన్ను చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చింది. ఆమె కట్టుకున్నది మంగళగిరి నేత చీర కాబట్టి సరిపోయింది, నైలాన్ చీరైతే అక్కడే చుట్టుకుపోయేది. గేటు దగ్గర ఆగిన లారీ క్లీనర్లు ఇసుకా గోనెపట్టాలూ తెచ్చి ఆర్పారు. యలమందయ్యకు మోకాళ్ల దాకా కాలింది. రాఘవమ్మ కుడి ముంజేయి తోలు ఊడొచ్చింది.

ఆస్పత్రికి శశిభూషణ్ ఆపిల్ పళ్లతో వచ్చాడు. తెల్లకోటు ఆ రోజు వేసుకోలేదు, ఆ మాత్రం ఇంగితం ఉంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నిట్టూర్చాడు.

"చుట్ట కొంప ముంచింది బాబాయ్. ఏసీ కారులో పొగ తాగకూడదని నీకు చెబుదామనుకుంటూనే ఉన్నా."

"నిజమేరా శశీ, నాదే పొరపాటు" అన్నాడు యలమందయ్య.

దుప్పటి కప్పుతానన్నవాడు ఒళ్లు కాల్చాడు, ఒళ్లు కాలినవాడు క్షమాపణ చెబుతున్నాడు. పక్క మంచం మీద రాఘవమ్మ అటు తిరిగి పడుకుంది.

మర్నాడు సీతారత్నం వచ్చింది. మెత్తగా వండిన అన్నం, చారు తెచ్చింది. రాఘవమ్మ చెయ్యి కదపలేదు కాబట్టి తనే ముద్దలు చేసి పెట్టింది. సగం తిన్నాక చెప్పింది.

"పిన్నిగారూ, మీ కారులో ఉన్నది వంటగ్యాస్. మా ఇంటి సిలిండర్లో నుంచే ఎక్కించాడు. నేను కళ్లారా చూశాను. చెప్పకుండా ఊరుకున్నాను."

రాఘవమ్మ తర్వాతి ముద్దను ఎడమచేత్తో పక్కకు నెట్టింది.

"మూడు పూటలా ఆ పొయ్యి ముందు నిలబడేదాన్ని. నాకా వాసన తెలీదా, అమ్మాయ్? ఇద్దరు మగాళ్లు కలిసి నా ముక్కుదే తప్పన్నారు."

తర్వాత, "నువ్వు కూడా నోరు మూసుకున్నావు" అంది. సీతారత్నం తల దించుకుంది. "సర్లే. ఇప్పుడైనా తెరిచావు. వాణ్ని పిలువు."

శశిభూషణ్ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"పోలీసుల దగ్గరికి పోతానని భయపడుతున్నావా? పోతా. అది తర్వాత. ఇంకా ఎన్ని కార్లలో పెట్టావురా ఈ గ్యాస్?"

"గుర్తులేదు పిన్నీ."

"గుర్తులేదా?"

"చానా మందికి కొట్టాను. కొందరికి కంపెనీదే కొట్టాను. కొందరికి కలిపి కొట్టాను. ఎవరికేదో..."

రాఘవమ్మకు ఆ క్షణంలో భయమేసింది. గుంటూరు రోడ్ల మీద పిల్లల్నీ ముసలివాళ్లనీ ఎక్కించుకుని తిరుగుతున్న ఆ కార్లలో ఏది ఏదో, నింపినవాడికే తెలియదు. ఆమె మొగుడివైపు తిరిగింది.

"యార్డులో మైకులో చెప్పించు. ఇతని దగ్గర గ్యాస్ కొట్టించుకున్నవాళ్లు ఏసీ వెయ్యొద్దని, అద్దాలు దించుకుని మన కళ్లం దగ్గరికి బండి తేవాలని."

"నా పరువేం కావాలే? మోసపోయానని మైకులో చెప్పుకోవాలా?"

"నువ్వు చెప్పిస్తావా, ఈ కట్టుతో నన్ను యార్డుకు రమ్మంటావా?"

చెప్పించాడు.

విజయవాడ ఆటోనగర్ నుంచి హయాత్ అనే ఏసీ మెకానిక్‌ను పిలిపించారు. అతను మర్యాదస్థుడేం కాదు. కూలి ముందే తీసుకున్నాడు, వచ్చీరాగానే అందరినీ తిట్టాడు. పంట ఎత్తేశాక మిర్చి ఆరబోసే కళ్లం ఖాళీగా ఉంది. చుట్టూ ఎక్కడా పొయ్యి లేదని చూసుకున్నాక, జేబుల్లో అగ్గిపెట్టె, బీడీ, సెల్‌ఫోన్ ఉన్నవాళ్లను గట్టు అవతలికి తరిమాడు.

"మిషన్‌తో లాగేసుకోవచ్చుగా?" అన్నాడు శశిభూషణ్, తనకూ తెలుసని చూపించటానికి.

"నీ చెత్త నా మిషన్లోకా? మిషన్ పేలితే నువ్విస్తావా? నీ పంచాంగం చాలు, అవతల నిలబడు."

బ్యాటరీ వైర్లు ఊడదీసి, కళ్లద్దాలూ తొడుగులూ వేసుకుని, ఒక్కో కారునూ గాలి వీచే చోట నిలిపి, గ్యాస్‌ను కొంచెం కొంచెంగా బయటికి వదిలాడు. అది పూర్తిగా పోయాక నైట్రోజన్ నింపి, అతుకులకు సబ్బునురుగు పూసి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూశాడు. కారే చోట రబ్బరు రింగులు మార్చాడు, తేమ పీల్చే డబ్బా మార్చాడు, వాక్యూమ్ పెట్టి వదిలేశాడు. అది లాగుతున్నంతసేపూ చెట్టు కింద పడుకున్నాడు. చివరికి బానెట్ కింద చీటీ మీద ఎంత రాసి ఉందో అంతే గ్యాస్, త్రాసు మీద డబ్బా పెట్టి మరీ నింపాడు. ఇంకాస్త కొట్టమని అడిగిన ఒక పత్తి వ్యాపారిని, "మీ కడుపు నిండాక ఇంకో కుండ అన్నం పెడితే తింటారా?" అని కసిరాడు.

రాఘవమ్మ కట్టు కట్టిన చేత్తో గట్టు మీద కుర్చీలో కూర్చునే ఉంది. ఒక కాంట్రాక్టర్ మొండికేశాడు.

"చల్లగానే వస్తందిగా అమ్మా, తియ్యటం ఎందుకు?"

ఆమె కట్టు విప్పటం మొదలుపెట్టింది. పూర్తిగా విప్పకముందే అతను తాళాలు హయాత్ చేతికిచ్చాడు.

సాయంత్రం పని ముగిశాక, ముందు భాగం కాలిపోయి ఒక మూల పెట్టి ఉన్న యలమందయ్య కారు దగ్గరికి వెళ్లాడు హయాత్. బంపరు వెనక, వేడిని బయటికి వదిలే కాయిల్ మీద వేళ్లు పెట్టి లాగాడు. పత్తి నూగు గుప్పిళ్లకు గుప్పిళ్లు వచ్చింది, మిర్చి దుమ్ముతో కలిసి ఎర్రటి గోనెపట్టాలా అట్టగట్టి.

"మొదట్లో ఈ బండికి గ్యాస్ తగ్గనే లేదు. గాలాడక వేడెక్కి చల్లబడటం మానేసింది. నీళ్ల పైపు పెట్టి మెల్లగా కడిగితే అయిపోయేది" అన్నాడు. "నువ్వేమో దాని మీద ఇంకా ఇంకా గ్యాస్ కుక్కావు. అది వారం రోజులు చలి పుట్టించింది గానీ, ఆ ఒత్తిడికి లోపల అతుకు వీడింది."

అందరూ శశిభూషణ్ వైపు చూశారు.

"బంపరు ఊడదీసి చూడమని కస్టమర్ చెప్పలేదండి" అన్నాడు శశిభూషణ్.

ఆ మాటకు, భార్య పక్కన గట్టు మీద కూర్చున్న యలమందయ్య కర్ర ఎత్తాడు. కాళ్లకు కట్లుండబట్టి అందుకోలేకపోయాడు.

రాఘవమ్మ అన్నట్టే పోలీసుల దగ్గరికి వెళ్లింది. ఇంటి సిలిండర్లు వ్యాపారానికి వాడినందుకు కేసు నడిచింది, జరిమానా పడింది, షెడ్డు మూతపడింది. మనుషుల్ని కాల్చినందుకు పెట్టిన కేసు ఏళ్ల తరబడి సాగి, సాక్ష్యానికి రావటానికి యలమందయ్యే సిగ్గుపడి, నీరుగారిపోయింది. యార్డులో ఎవరు అడిగినా వైరింగ్ లోపమనే చెప్పుకున్నాడాయన. మోసపోవటం కంటే కాలిపోవటమే ఆయనకు నయమనిపించింది.

శశిభూషణ్ కొన్నాళ్లు కార్ల అద్దాలకు నల్ల ఫిల్ము అంటించే పని చేశాడు. అంటించిన ప్రతిదాంట్లోనూ బుడగలే. తర్వాత మార్టూరులో రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో గుమస్తాగా చేరాడు. అక్కడి కుర్రాళ్లకు ఇప్పటికీ చెబుతుంటాడట, తాను కాలం కంటే ముందు పుట్టానని, ఆ గ్యాస్‌ను ఫారిన్‌లో గౌరవిస్తున్నారని. సీతారత్నం మిషన్ కుట్టుకుంటూ ఇల్లు నడుపుతోంది. అతన్ని వదిలెయ్యలేదు. అతను చెప్పేది వినటం మాత్రం మానేసింది.

కొన్నేళ్ల తర్వాత చిలకలూరిపేటలో ఒక పెళ్లిలో రాఘవమ్మ వాళ్లకు ఎదురుపడింది. ముంజేతి మీద మచ్చ మెరుస్తోంది, కొంగు కప్పుకునే అలవాటు ఆమెకు లేదు. శశిభూషణ్ ఒక స్తంభం చాటుకు జరిగాడు.

"ఏం శశీ, భోంచేశావా?" అంది ఆమె, గట్టిగానే.

"చేశాను పిన్నీ."

చెయ్యలేదు. ఆ మాట అని స్కూటర్ తాళాలు తడుముకుంటూ పందిరి దాటి వెళ్లిపోయాడు. సీతారత్నం అతని వెనక వెళ్లలేదు. రాఘవమ్మ పక్కన బంతిలో కూర్చుని, ఆమె విస్తట్లో కూడా నెయ్యి వెయ్యమని వడ్డించేవాణ్ని పిలిచింది.